మేష్టారి ఇసుక

మూడు కొంగల కాఫీ హోటల్లో అద్దం కింది బల్ల కయేతాన్ మొరావెట్స్ మేష్టారిది. ఎవరూ రాసివ్వలేదు. వియన్నా మొత్తంలో ఆయన్ని చదరంగంలో ఓడించి నిలబడ్డవాడు లేడు కాబట్టి ఆ బల్ల ఆయనది. ఒకప్పుడు ఆశ్విక దళంలో గుర్రాల వైద్యుడు. పని మానేసి ఎన్నేళ్ళయినా కోటుకు ఇంకా గుర్రాలకు రాసే తైలం వాసన, దాని మీద పొగాకు వాసన ఉండేవి. ఎవరైనా కొత్తవాడు తెలియక ఆ బల్ల దగ్గర కూర్చుంటే హోటల్ వాళ్ళు కాఫీ తెచ్చేవారు కాదు. వాడే కాసేపటికి అర్థం చేసుకుని లేచేవాడు.

ఆయన ఆట చూడడానికి గుర్రపు ట్రాముల్లో ఊరి ఆ చివర నుంచి వచ్చేవారు. రెండో ఎత్తులోనే బంటును ఎర వేసేవారు. తర్వాత గుర్రాన్ని ఇచ్చేవారు. ఒక్కోసారి మంత్రినే ఇచ్చేసి, మిగిలిన రెండు మూడు పావులతో ఎదుటి రాజును మూలగడిలో పట్టేవారు. అప్పట్లో ఆ హోటల్లో ఒక పద్ధతి ఉండేది. ఎర వేసినదాన్ని తీసుకోవాలి. తీసుకుని ఓడిపోతే సిగ్గు లేదు. వద్దని పక్కకు తప్పుకుంటే, గెలిచినా సిగ్గే.

లాక్నర్ వద్దనేవాడు.

అతను ఉత్తరాన గసగసాల చేల మధ్య పల్లె నుంచి వచ్చినవాడు. తండ్రి మగ్గం నేసేవాడు. బడి చదువు ఊళ్ళో పాదిరీ చెప్పినంతే. కాలువ ఒడ్డున అవిసె నార గోదాంలో పని. పని అయ్యాక మూడు కొంగలకు వచ్చి, చక్కెర లేని ఉత్త కాఫీ ఒకటి తెప్పించుకుని, ఆడడానికి ఎవరైనా పిలుస్తారేమోనని కూర్చునేవాడు. మొదట్లో పిలిచేవారు, తర్వాత మానేశారు. ఎర వేస్తే తీసుకోడు. ఎదురు దాడి చెయ్యడు. బంటు పక్కన బంటు పెట్టుకుంటూ, పోగు పక్కన పోగు జరిపినట్టు ఆడతాడు. ఒక్క గడి సంపాదిస్తే చాలు, సాయంత్రం దాకా దాన్నే పట్టుకుని కూర్చుంటాడు. ఎదుటివాడు విసిగి ఎక్కడో చెయ్యి జారుస్తాడు. అంతే.

పైగా ఒక్కో ఎత్తుకు అతను తీసుకునే సమయం. ఒకాయన లాక్నర్ ఎత్తు వేసేలోగా వెళ్ళి గడ్డం గీయించుకుని వచ్చాననీ, వచ్చి చూస్తే మళ్ళీ మొలిచిందనీ చెప్పుకునేవాడు. ఒకసారి ఎవరో అతను ఆలోచిస్తుండగా పక్కన కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. నలుగురు టోపీలు తీసి, తలలు వంచి నిలబడ్డారు. లాక్నర్ ఎత్తు వేసి తలెత్తి చూసి, కొవ్వొత్తి ఎందుకని అడిగాడు. హోటల్ హోటలంతా నవ్వింది.

నవ్వనిది మొరావెట్స్ మేష్టారు ఒక్కరే. ఆ రోజే అతన్ని అద్దం కింది బల్లకు పిలిచారు. ఇతను పిరికివాడని ఎవరో అంటే ఆయన పైపు నోట్లోంచి తీసి, "పిరికివాడు పారిపోతాడయ్యా. వీడు కదలడే," అన్నారు. అప్పటినుంచి ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ ఆడేవారు. ఆడిన ఆటను వెనక్కి తిప్పి చూసేవారు. మేష్టారు తన కాఫీ పక్కన చక్కెర పళ్ళెం పెట్టించుకునేవారు, బిళ్ళ మీద బిళ్ళ వేసుకునేవారు. లాక్నర్ ఊరి నుంచి గసగసాల రొట్టె వస్తే సగం ఆయనకు తెచ్చేవాడు. అతన్ని ఆయన పేరుతో పిలిచేవారు కాదు. "ఒరే నేతగాడా" అనేవారు. ఆ పిలుపు కోసమే అతను వారమంతా ఎదురు చూసేవాడు.

ఆ ఏడాది చదరంగం సంఘం వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. లండన్‌లో, పారిస్‌లో షరతులు రాసుకుని, మధ్యవర్తిని పెట్టుకుని పోటీలు జరుపుతున్నారు. గెలిచినవాణ్ణి నగర విజేత అని పత్రికల్లో ప్రకటిస్తున్నారు. మనకేం తక్కువ అనుకున్నారు. శరత్కాలమంతా ఆటలు నడిచాయి. ఒక్కొక్కరూ రాలిపోగా చివరికి మిగిలింది మేష్టారు, లాక్నర్. ముందుగా ఐదు ఆటలు గెలిచినవాడు విజేత. సమమైన ఆటలు లెక్కలోకి రావు.

ఇలా అయితే క్రిస్మస్ దాకా సాగుతుందని భయపడి సంఘం వాళ్ళు రెండు ఇసుక గడియారాలు కొన్నారు. ఆటగాడికి ఒక బుడ్డి. తన వంతు వచ్చినప్పుడు తన బుడ్డిని నిలబెట్టాలి, ఇసుక కారుతుంది. ఎత్తు వేశాక అడ్డంగా పడుకోబెట్టాలి, ఆగుతుంది. పైబుడ్డి ఖాళీ అయ్యేలోగా ఆట ముగియకపోతే, ఎవరి ఇసుక అయిపోయిందో వాడు ఓడినట్టు. ఇది లాక్నర్‌కు కళ్ళెం వెయ్యడానికేనని అందరికీ తెలుసు. మేష్టారు చిటికెలో ఎత్తు వేస్తారు, ఆయనకు ఇసుకతో పనేముంది?

ఉన్న చిక్కల్లా ఆయనకు అలవాటు లేకపోవడమే. ఎత్తు వేయగానే ఆయన చెయ్యి పైపు మీదికి పోయేది. బుడ్డి అలాగే నిలబడి ఉండేది, ఆయన సమయం కారిపోతూ ఉండేది. మొదటి ఆటలోనే లాక్నర్ అది చూశాడు. చెయ్యి చాచి, "మేష్టారూ, మీ ఇసుక," అని తనే పడుకోబెట్టాడు.

"ఒరే నేతగాడా, నీ కోసం తెచ్చిన దెయ్యం ఇది. నువ్వే చూసుకో," అన్నారాయన.

అప్పటినుంచి రెండు బుడ్లూ లాక్నరే చూసుకునేవాడు. ఆయన ఎత్తు వేయగానే ఆయనది పడుకోబెట్టి, తనది నిలబెట్టేవాడు. అలా చెయ్యమని నియమాల కాగితంలో లేదు, చెయ్యొద్దనీ లేదు. మధ్యవర్తి కొల్బెర్, పాఠశాలల తనిఖీ అధికారిగా చేసి విరమించినవాడు, మొదట ముఖం చిట్లించి తర్వాత ఊరుకున్నాడు. తాడు కట్టి అవతల నిలబెట్టిన జనం కూడా దాన్ని ఆటలో భాగంగానే చూశారు.

ఆటలు ఒకసారి ఒకరు, ఒకసారి ఇంకొకరు గెలుస్తూ పోయి, చివరికి ఇద్దరూ నాలుగేసి గెలిచి సమానంగా నిలిచారు.

ఆఖరి ఆట రోజు పగలే పొగమంచు. మధ్యాహ్నానికే దీపాలు వెలిగించారు. జనం తాడును నెట్టుకుంటూ నిలబడ్డారు. మేష్టారు ఎప్పటిలాగే బంటును ఎర వేశారు, లాక్నర్ ఎప్పటిలాగే వద్దన్నాడు. ఎవరో దగ్గారు. ఆ తర్వాత చాలాసేపు ఆట బిగుసుకుపోయింది. లాక్నర్ బంట్లు ఒకదాని భుజం ఒకటి పట్టుకుని ముందుకు జరుగుతున్నాయి. మేష్టారి పావులకు ఊపిరాడడం లేదు.

అప్పుడు మేష్టారు ఆలోచించడం మొదలుపెట్టారు. ఆయన ఆలోచించగా ఆ హోటల్లో ఎవరూ చూడలేదు. పైపు ఆరిపోయింది. ఎదుట కాఫీ మీద మీగడ కట్టింది. ఇసుక కారుతూనే ఉంది. పైబుడ్డిలో కాస్త ఇసుక మిగిలిందనగా ఆయన ఏనుగును తీసి, లాక్నర్ రాజు ముందున్న బంటును చంపి, అక్కడ కూర్చోబెట్టారు. ఏనుగును ఊరికే ఇచ్చేశారు. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆయన వెనక్కి వాలి, పైపు వెలిగించుకుని, కళ్ళు మూసుకున్నారు. ఆ ముఖంలో తృప్తి.

లాక్నర్ ఆ ఏనుగునే చూస్తూ తన బుడ్డిని మాత్రం నిలబెట్టి, బల్ల మీదికి వంగాడు. ఏనుగును తీసుకుంటే ఆటకట్టు, తీసుకోకపోయినా అంతే. రెండు దారులూ చివరిదాకా నడిచి చూశాడు, మూడోది కనపడలేదు. తలెత్తబోతుంటే మేష్టారి బుడ్డి కనపడింది. నిలబడే ఉంది. కారుతోంది.

అతని చెయ్యి అలవాటుగా లేచింది. సగం దూరం పోయింది. అక్కడ ఆగి, పక్కకు తిరిగి, మేష్టారి చక్కెర పళ్ళెంలోంచి ఒక బిళ్ళ తీసింది. తన కాఫీలో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. తర్వాత రెండు పిడికిళ్ళూ కణతలకు ఆనించుకుని బల్ల మీదికి వంగాడు, ఎప్పుడూ వంగేలాగే.

రెండు బుడ్లలోనూ ఇసుక కారుతోంది. అతని దాంట్లో కాస్త ఎక్కువుంది. జనంలో చాలామంది పావులనే చూస్తున్నారు. చూసినవాళ్ళు కొద్దిమంది కొల్బెర్ వైపు చూశారు. ఇసుక పూర్తిగా అయిపోయేదాకా మధ్యవర్తి నోరు విప్పకూడదు, తాడు అవతలి వాళ్ళు అసలే విప్పకూడదు. కొల్బెర్ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. మేష్టారు కళ్ళు తెరవలేదు. వీడు ఎంతసేపైనా కూర్చుంటాడని ఆయనకు తెలుసు. తొందరేముంది?

లాక్నర్ ఒక్క ఎత్తు కూడా ఆలోచించలేదు. పిడికిళ్ళ సందులోంచి ఇసుకనే చూస్తున్నాడు. సన్నటి ధార, మధ్యలో చిన్న గుంట. గుంట లోతైంది. అంచులు జారాయి. ఆఖరి గింజలు గాజుకు అంటుకుని, ఒక్క క్షణం ఆగి, పడిపోయాయి.

కొల్బెర్ గొంతు సవరించుకుని బుడ్డి వైపు వేలు చూపించాడు.

లాక్నర్ నిద్రలోంచి లేచినవాడిలా తలెత్తాడు. "ఏమైంది?" అని అడిగాడు.

మేష్టారు బుడ్డి చూశారు. కొంతసేపు అలా చూసి నవ్వడం మొదలుపెట్టారు. తాడు అవతల గొడవ లేచింది. ఇది ఆటేనా అన్నారు కొందరు, వీడు కావాలనే కూర్చున్నాడన్నారు ఇంకొందరు. మేష్టారు లేచి, చెయ్యెత్తి వాళ్ళని ఆపారు. "వాణ్ణేమీ అనకండి. ఆలోచనలో పడితే వాడికి ఇల్లంటుకున్నా తెలీదు. పక్కన కొవ్వొత్తి వెలిగిస్తేనే తెలీలేదు కదా," అన్నారు. జనం నవ్వారు. ఆయన లాక్నర్ చెయ్యి పట్టుకుని ఊపి, పైపు, పొగాకు సంచి తీసుకుని, పొయ్యి పక్కనున్న బల్ల దగ్గరికి మారారు.

అద్దం కింది బల్ల లాక్నర్‌ది అయింది. అతను అద్దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

పత్రికలు వేరే కథ రాశాయి. ఇసుక సంగతి చివర ఒక వాక్యం, అంతకు ముందంతా ఆట తీరు గురించే. ఊరికే పావులు ఇచ్చేసే కాలం పోయిందనీ, అవి కుర్రచేష్టలనీ, ఇకముందు గెలిచేది ఓపికేననీ రాశారు. మూడు కొంగల్లో కుర్రకారు లాక్నర్‌లాగే పిడికిళ్ళు కణతలకు ఆనించుకోవడం మొదలుపెట్టారు. ఎర వేసేవాడు లేడు. వేసినా తీసుకునేవాడు లేడు. వెనకటి నవ్వులు, పందేలు తగ్గిపోయి హోటల్ లెక్కల గదిలా తయారైంది.

అది కూడా లాక్నర్ భరించేవాడే. భరించలేనిది పొయ్యి పక్కన జరిగింది. మేష్టారు నిదానంగా ఆడడం మొదలుపెట్టారు. తన తొందరే తనని ఓడించిందని ఆయన నమ్మారు. ఒక్కో బంటునూ వేలితో తడుముతూ, వెనక్కి తీసుకుంటూ, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా కూర్చునేవారు. అది ఆయనకు చేతకాలేదు. ఒకప్పుడు తన ఏనుగును ముందే తీసేసి ఆడినా అలవోకగా గెలిచేవారు ఒక నోటరీ గుమాస్తా మీద. ఇప్పుడు వాడి చేతిలో ఓడిపోయారు. రెండోసారీ ఓడిపోయారు. ఒక సాయంత్రం ఆ గుమాస్తాయే, మర్యాద కోసం కాబోలు, పాత పద్ధతిలో ఒక బంటును ఎర వేశాడు. మేష్టారు చాలాసేపు చూసి తీసుకోలేదు. పక్కకు తప్పుకున్నారు. ఎవరో, "చూశారా, మేష్టారు కూడా నేర్చుకున్నారు," అన్నారు మెచ్చుకుంటూ. లాక్నర్ కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ ముందు అతను గుడికి పోయి పాపం చెప్పుకున్నాడు. అడ్డుతెర అవతల పాదిరీ ఓపికగా విని, నియమం ఏదైనా తప్పావా అని అడిగాడు. లేదన్నాడు. అబద్ధం చెప్పావా? ఏమైందని అడిగానన్నాడు. అడగడం అబద్ధమెలా అవుతుందని పాదిరీ అన్నాడు. వెనక వరసలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రాయశ్చిత్తంగా చిన్న ప్రార్థన ఒకటి చేసుకోమని పంపేశాడు.

హోటల్లో గల్లా దగ్గర ఓటిలీ అనే ఆవిడ కూర్చునేది. ఎత్తైన కుర్చీ, ముందు చక్కెర పళ్ళేల వరస. కాఫీతో పాటు చక్కెర ఆవిడ చేతి మీదుగానే పోవాలి. పండగ వెళ్ళాక ఒకరోజు లాక్నర్ డబ్బిచ్చి వెళ్ళబోతుంటే, తలెత్తకుండానే, "ఏమయ్యా, ఇప్పుడు ఉత్త కాఫీయేనా మళ్ళీ?" అంది.

అతను ఎప్పుడూ ఉత్తదే తాగుతానన్నాడు.

"ఆ రోజు ఆయన పళ్ళెంలోంచి రెండు వేసుకున్నావు. చెయ్యి ముందు ఎటు పోయిందో కూడా చూశాను." ఒక పళ్ళెం తుడిచి పక్కన పెట్టింది. "నేనెవరికీ చెప్పను. నాకెందుకు? ఆ ముసలాయన నోటరీ గుమాస్తా చేతిలో ఓడిపోతుంటే చూడలేకపోతున్నా, అంతే."

లాక్నర్ టోపీ పెట్టుకోవడం మర్చిపోయి బయటికి నడిచాడు.

తర్వాతి ఆదివారం మేష్టారే అద్దం కింది బల్ల దగ్గరికి వచ్చారు. నిలబడే ఉన్నారు. లాక్నర్ గబుక్కున లేచి కుర్చీ ఇవ్వబోతే, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సంఘం వాళ్ళ బీరువాలోంచి బుడ్లు కూడా తెప్పించారు. ఆయన పైపును అటూ ఇటూ తిప్పి, "ఒరే నేతగాడా, ఒక సాయం చెయ్యి. నాకు కూర్చోవడం నేర్పు," అన్నారు.

లాక్నర్ పావులు ఒక్కొక్కటే తీసి పేర్చాడు. మొదటి ఎత్తుకు పేర్చినట్టు కాదు. బంట్లు భుజాలు పట్టుకుని ఉన్నాయి. అతని రాజు ముందు మేష్టారి ఏనుగు కూర్చుని ఉంది.

"ఇక్కడ నాకు దారి లేదు మేష్టారూ," అన్నాడు. "అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నా. లేదు."

మేష్టారు ముందుకు వంగారు. గుర్రం ఇటొస్తే అని అడిగారు. లాక్నర్ మంత్రిని జరిపి చూపించాడు. రాజు పారిపోతే? శకటు దారి కాసింది. ఏనుగును తీసుకోకుండా బంటును తోస్తే? అదీ చూపించాడు. మేష్టారు పావులు తన చేతుల్లోకి తీసుకున్నారు, చేతులు త్వరత్వరగా కదిలాయి, పాతరోజుల్లోలాగా. కళ్ళు వెలిగాయి.

"అంటే ఏనుగును సరిగ్గానే ఇచ్చానన్నమాట."

"సరిగ్గానే ఇచ్చారు."

ఆయన గల్లా వైపు తిరిగి, "ఓటిలీ, విన్నావా? ఏనుగును సరిగ్గానే ఇచ్చానట," అని కేకేశారు. ఓటిలీ పళ్ళేలు సర్దుతూ ఉండిపోయింది. ఆయన నవ్వుతూనే ఇటు తిరిగారు. "మరి అంతసేపు ఏం వెతికావురా, లేని దారి కోసం?"

"ఆ రోజు వెతకలేదు." లాక్నర్ రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "మీ ఇసుక చూస్తూ కూర్చున్నా."

నవ్వు ఆయన ముఖం మీద ఇంకొంతసేపు ఉంది, దింపడం మర్చిపోయినట్టు. తర్వాత పోయింది.

"మొదట్నుంచీ చూశావా?"

"మొదట్నుంచీ."

మేష్టారు పైపు వెలిగించబోయి మానేశారు. పొయ్యిలో కట్టె విరిగింది. ఆయన ఏనుగును చేతిలోకి తీసుకుని, అడుగున అంటించిన గుడ్డను బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు.

"గెలవాలని ఉంటుంది. నాకూ ఉంది," అన్నారు చివరికి. "కానీ ఏమైంది అని అడిగావు చూడు."

లాక్నర్ కొల్బెర్ దగ్గరికి పోయి చెప్తానన్నాడు. పత్రికకూ రాస్తానన్నాడు. ఈ బల్ల తనకు వద్దన్నాడు. మేష్టారు తల అడ్డంగా ఊపారు. కొల్బెర్ నియమాల కాగితం తీస్తాడు, ఎదుటివాడి బుడ్డి పడుకోబెట్టాలని అందులో ఎక్కడా ఉండదు, అందరూ ముసలాణ్ణి చూసి జాలిపడతారు, అంతకన్నా ఏమీ జరగదు అన్నారు. "మొదటిసారి నిన్నెవరూ పడుకోబెట్టమనలేదు. అది నీ అంతట నువ్వు చేసిన పని," అని ఆగి, "ఆ పని నాకు బాగుండేది," అన్నారు.

తర్వాత పావులన్నీ మొదటికి పేర్చారు. తన బుడ్డిని నిలబెట్టారు. రాజు ముందు బంటును రెండు గళ్ళు తోశారు. లాక్నర్ జవాబిచ్చాడు. మేష్టారు దాని పక్కనున్న బంటును కూడా తోసి ఎర వేశారు, పాత రోజుల్లోలాగే, ఒక్క క్షణం ఆలోచించకుండా.

లాక్నర్ ఆ బంటును చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి చెయ్యి చాచి తీసుకున్నాడు. పక్క బల్లల దగ్గర ఒకరిద్దరు తలలు తిప్పారు. మేష్టారు గుర్రాన్ని దూకించారు. వెంటనే శకటును బయటికి లాగారు. ఆట వేడెక్కింది. కుర్చీలు జరిగిన చప్పుళ్ళయ్యాయి, ఎవరో లేచి వచ్చి వెనక నిలబడ్డారు. మేష్టారు ఇంకో ఎత్తు వేసి వెనక్కి వాలారు. చెయ్యి పైపు మీదికి పోయింది.

బుడ్డి నిలబడే ఉంది.

లాక్నర్ చెయ్యి లేచింది. ఈసారి మధ్యలో ఆగలేదు. గాజును తాకేలోపు మేష్టారి చెయ్యి వచ్చి దాని మీద పడింది. ముసలి చెయ్యి, గుర్రాల పళ్ళ గాట్లున్న చెయ్యి. గట్టిగా పట్టుకోలేదు. పక్కకు తీసి పెట్టిందంతే.

"నా ఇసుక నేను చూసుకుంటాను," అన్నారు మేష్టారు.

బుడ్డిని తనే పడుకోబెట్టారు. పాలరాతి బల్ల మీద గాజు టక్కున మోగింది. ఆ ఆట ఆయనే గెలిచారు. గుర్రాన్నీ, ఒక ఏనుగునూ ఇచ్చి గెలిచారు. వెనక నిలబడ్డవాళ్ళు చాలా రోజుల తర్వాత నవ్వుతూ గోల చేశారు. ఆయన తిరిగి పొయ్యి పక్కకే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం ఇద్దరూ ఆడారు. ఎర వేసేవారాయన, లాక్నర్ తీసుకునేవాడు. నోటరీ గుమాస్తా మళ్ళీ ఎప్పుడూ ఆయన్ని ఓడించలేదు. కానీ ఆయన బుడ్డిని ఇక ఒక్కసారీ మర్చిపోలేదు. ఎంత మంచి ఎత్తు వేసినా, ఎంత ఉత్సాహంలో ఉన్నా, ముందు బుడ్డి, తర్వాతే పైపు. ఎత్తు ఎత్తుకూ టక్కుమనేది. అప్పుడు లాక్నర్ చెయ్యి కొద్దిగా లేచి, ఎటూ పోవడానికి లేక, మోకాలి మీదికి దిగేది.